డప్పుకు హాట్ వర్క్ పర్మిట్

జూదం నిషిద్ధమైన దేశంలో జూదశాల వేషం వేసుకున్న హోటల్ ఉందంటే ఎవరు నమ్ముతారు? రియాద్‌లో దిగి ఆ తివాచీ మీద కాలు పెట్టేదాకా నేనూ నమ్మలేదు. తివాచీ నిండా ఇస్పేట్లు, ఆఠీన్లు. లాబీ గోడకు రెండంతస్తుల ఎత్తున రంగుల చక్రం, దాని అంచు చుట్టూ బల్బులు. దూరదేశాల్లో కాసినో హోటళ్ళు చూసొచ్చిన వాళ్ళెవరో ముచ్చటపడి కట్టించారు. హంగులన్నీ ఉన్నాయి, పందెం ఒక్కటే లేదు. పందెపు బల్లలు ఉండాల్సిన పెద్ద హాల్లో అటూ ఇటూ ఫౌంటెన్లు పెట్టి, మధ్యలో స్టేజీ కట్టారు. జనం మా హోటల్‌కు వచ్చేది ఆ స్టేజీ మీద జరిగే షోల కోసమే. ఏ షో ఉండాలో, ఏది పోవాలో జల్లెడ పట్టే పని నాది.

ఆ చలికాలం మొదట్లో నా బతుకు వీడియోలు చూడటంతోనే సరిపోయింది. తాళ్ళ మీద నడిచేవాళ్ళు, టోపీలోంచి పావురాలు తీసేవాళ్ళు, ఇసుకతో బొమ్మలు గీసేవాళ్ళు. ఒక్కొక్కరికీ ఫారం నింపి, పదికి ఇన్ని అని మార్కులు వేయాలి. నిప్పుతో ఆడేవాళ్ళందరినీ మొదటి రోజే కొట్టేశాం. హాల్లో అగ్గిపుల్ల గీసినా సెన్సార్లు గోల పెడతాయి. మార్కులు వేసే కుర్చీలో కూర్చుంటే మనిషికి కొంచెం మదం ఎక్కుతుంది. నాకూ ఎక్కింది, దాచడం ఎందుకు?

ఇక, లాబీలోని ఆ చక్రానికి గ్రీజు పెట్టేది మా నాన్న, మా బాపు.

బాపు పేరు లింబాద్రి. జగిత్యాల దగ్గర మా ఊరు. ఇరవై మూడేళ్ళుగా సౌదీలో వెల్డింగ్ పని చేస్తున్నాడు. నేను ఉద్యోగంలో చేరిన హోటల్‌కే ఆయన మెయింటెనెన్స్ కంపెనీ కాంట్రాక్టు పడటం అదృష్టమో ఖర్మో తెలియదు. రియాద్‌లోనే మలాజ్ అనే పేటలో ఒక గదీ వంటిల్లూ ఉన్న చిన్న పోర్షన్ తీసుకుని ఇద్దరం కలిసి ఉంటున్నాం. క్యాంపు మంచం వదిలి ఇంట్లో పడుకుంటున్నానని ఊళ్ళో ఉన్న అవ్వకు ఫోన్‌లో చెప్పి తెగ మురిసిపోయాడు. అయితే నేను డ్యూటీలో చేరిన రోజే ఒక షరతు పెట్టాడు.

“హోటల్ల నేను నీకు బాపును కాదు బిడ్డా. నువ్వు మేడంవు, నేను వర్కర్ను. ఎవ్వలకు తెల్వద్దు.”

“ఎందుకు బాపు?”

“ఎందుకంటే గంతే. గ్రీజు చేతులోని బిడ్డె అని నిన్ను తక్వ జేసి సూస్తరు.”

నేను వాదించలేదు. వాదించాల్సింది. షరతు పెట్టింది ఆయనే అయినా అది నాకు ఎంత తేలిగ్గా పట్టేసిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

నవంబరు మొదట్లో ఒకరోజు చక్రం వెనక బ్రాకెట్ విరిగింది. నేను మా డైరెక్టర్ అయేషాతో కలిసి లాబీలోంచి వెళ్తున్నాను. బాపు నిచ్చెన మీద ఉన్నాడు. కింద స్టాండుకు పసుపు కాగితం ఒకటి తగిలించి ఉంది. అది హాట్ వర్క్ పర్మిట్. హోటల్లో నిప్పురవ్వ లేచే పని ఏదైనా సరే, ఒకరోజు ముందు ఫారం నింపి ఆ కాగితం మీద సంతకం తెచ్చుకోవాలి. పని ముగిసేదాకా ఒక మనిషి మంటలార్పే సిలిండర్ పట్టుకుని పక్కనే నిలబడాలి. సంతకం పెట్టేదీ, చాలాసార్లు నిలబడేదీ సేఫ్టీ ఆఫీసర్ ఇష్తియాక్. పాకిస్తానీ. టీ తాగేటప్పుడు కూడా కప్పు అంచులు తడిమి చూసుకునే రకం.

బాపు ముఖానికున్న వెల్డింగ్ ముసుగు పైకెత్తి మమ్మల్ని చూశాడు.

“గుడ్ మార్నింగ్, మేడం,” అన్నాడు. అయేషాతో కాదు, నాతో.

“గుడ్ మార్నింగ్,” అన్నాను.

లోపల చురుక్కుమంది. ఆ వెంటనే, ఎవరూ ఏమీ కనిపెట్టలేదని హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి గురించే నాకు సిగ్గు.

అయేషా రియాద్ అమ్మాయే. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నచ్చితే ఒక్క మాట, నచ్చకపోతే అరమాట. డిసెంబరు చివర్లో ఒక శుక్రవారం సాయంత్రం షో ఇంకా ఖాళీగా ఉంది. ఈ నగరంలో పనిచేసే పరాయి దేశాల వాళ్ళ ఆటపాటలకు దాన్ని కేటాయించారు. మా తెలుగువాళ్ళ సంఘం అధ్యక్షుడు జనార్దన్ గారు అప్పటికే రెండుసార్లు ఆఫీసుకు వచ్చి, తమ సినిమా డాన్సుల ట్రూపు గురించి అయేషాకు చెప్పి వెళ్ళారు. పెద్ద కంపెనీలో ఇంజనీరు. మాటకు ముందు ఇంగ్లీషు, మాటకు వెనక ఇంగ్లీషు.

చక్రం బ్రాకెట్ విరిగిన రోజు మధ్యాహ్నమే అయేషా కొత్తగా వచ్చిన వీడియోలు గబగబా తోసేస్తూ ఒకచోట ఆగింది. ఫోన్‌తో తీసిన వణుకు వీడియో. క్యాంపు వాకిట్లో ఎనిమిది మంది, ఒంటి మీద పని బట్టలు, కాళ్ళకు సేఫ్టీ బూట్లు, గుండ్రంగా తిరుగుతూ డప్పులు కొడుతున్నారు. దరువుకు వాకిట్లోని దుమ్ము లేస్తోంది. ముందున్నది మా బాపు. పక్కనే ఆయన క్యాంపు దోస్తు అంజన్న కాక.

నేను చేతిలోని ఫారం మీదికి తల వంచాను.

అయేషా ఆ వీడియోను మూడుసార్లు చూసింది. “ఇది కావాలి నాకు. ఎవరు వీళ్ళు?”

“లేబర్ క్యాంపు వాళ్ళు,” అన్నాను. అబద్ధం కాదు కదా!

“ముందున్నాయన మన వెల్డర్‌లా ఉన్నాడు. గురువారం ఆడిషన్‌కు పిలిపించు.”

ఇంటికి వెళ్ళేసరికి బాపు నాకంటే ముందే వచ్చి రొట్టెలకు పిండి కలుపుతున్నాడు. నేను నోరు తెరవకముందే నవ్వాడు.

“గా అంజన్న నన్ను అడగకుంటనే పంపిండు బిడ్డా. క్యాంపు గోడకు మీ షోల కాయితం అంటిచ్చిన్రు గద, దాన్ని ఫోన్‌తోని కొట్టి పంపిండట. ఇగ పిలిచినంక వోకుంటే ఎట్ల?”

“నేను మార్కులేసే దగ్గర కూసుంట బాపు.”

“కూసో. నీ పని నువ్వు జెయ్యి. మాకు సాయం జెయ్యకు, అడ్డం రాకు. డప్పు సంగతి డప్పే సూస్కుంటది.”

ఆ ఎనిమిది డప్పులూ బాపు చేతి పనే. బక్రీదు తర్వాత మేకల సంతలో తెచ్చిన తోళ్ళు. చట్రాలకు చెక్క ఎక్కడిదనుకున్నారు? లాబీలోని ఆ చక్రం పెట్టెల్లో వచ్చింది చూడండి, ఆ పెట్టెల చెక్కే. పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. నాలుగు నెలలు శుక్రవారాలన్నీ దానికే పోయాయి. వాళ్ళ డప్పులను చూస్తే నాకు ఎప్పుడూ గర్వమే. ఆ గర్వం ఇంట్లో ఉండేది, హోటల్ గేటు దగ్గర ఆగిపోయేది.

గురువారం ఎనిమిది గంటలకు రమ్మన్నారు. వంతు వచ్చింది పదకొండింటికి. ఆ మూడు గంటలూ డప్పులను స్టేజీ పక్కన, ఫౌంటెన్ గట్టు మీద పెట్టించారు. ఆ రోజు నీళ్ళ షో వాళ్ళ పరీక్ష కూడా ఉంది, తుంపర ఆగకుండా లేస్తూనే ఉంది. పైనుంచి ఏసీ. నేను రెండో వరుసలో ఫారం పట్టుకుని కూర్చున్నాను. ఆ తోళ్ళు చెమ్మ పీలుస్తున్నాయని నాకు కనబడుతూనే ఉంది.

తెలియని వాళ్ళకు చెప్పాలి. డప్పును మంటకు కాపందే కొట్టరు. ఏ ఊళ్ళోనైనా, ఏ కార్యానికైనా, ముందు నాలుగు మట్టలో ఇంత గడ్డో వేసి మంట పెడతారు, డప్పులు చుట్టూ పట్టి తోలు బిగిసేదాకా కాపుతారు. అప్పుడే అది పలుకుతుంది. చిన్నప్పుడు, బాపు సెలవు మీద వచ్చిన ప్రతిసారీ ఆ మంట దగ్గర నా ఉద్యోగం ఒకటుండేది. తోలును గోరుతో మీటి, చెవి పెట్టి విని, కాగిందో కాలేదో చెప్పడం. ఎనిమిదేళ్ళ పిల్ల చెబితేనే మా వాడకట్టు మొగవాళ్ళు డప్పు ఎత్తేవాళ్ళు.

బాపు ఇష్తియాక్ దగ్గరికి వెళ్ళి మంట పెట్టుకోవాలని అడిగాడు.

“హాల్ మే ఆగ్? పాగల్ హో గయే క్యా భాయ్?” అని, హాల్లో నిప్పనేసరికి ఇష్తియాక్ బెదిరిపోయాడు. వెనక యార్డులో అయితే కుదురుతుంది గానీ, దానికీ ఒకరోజు ముందు పర్మిట్ తీసుకోవాలన్నాడు.

అంజన్న కాక ఊరుకుంటాడా? స్టేజీ లైటు దగ్గరికి వెళ్ళి డప్పును దానికి ఆనించి నిలబడ్డాడు. అవి ఎల్ఈడీ లైట్లు. ఎంతసేపు పట్టినా ఏం వేడెక్కుతుంది! “గిదేం లైటురా, సలికాలం సూర్యుని కన్న అధ్వాన్నంగున్నది,” అని తిట్టి వచ్చాడు. మిగతావాళ్ళు అరచేతులతో తోళ్ళను రుద్దుతున్నారు. అంతలో పేరు పిలిచారు.

కొట్టారు. ఏం చెప్పను, గోనెసంచి దులిపినట్టు వినబడింది. ఎనిమిది మందీ చెమటలు కక్కుతూ కొడుతున్నారు, దరువు మాత్రం స్టేజీ దిగి రావడం లేదు. నా పక్కన, సలహాదారుగా వచ్చిన జనార్దన్ గారు నా వైపు వంగారు.

“ఏంటమ్మా సృజనా ఇది? ఇంత మంచి ప్లాట్‌ఫాం దొరికితే సావు డప్పు పెడతారా? మన కమ్యూనిటీ ఇమేజ్ ఏం కావాలి?”

అయేషా చెయ్యెత్తి ఆపించింది. ఆమె ముఖంలో కోపం లేదు, అయోమయం ఉంది. నా వైపు తిరిగింది.

“వీడియోలో ఇలా లేదు. నువ్వు ఆ ప్రాంతం అమ్మాయివే కదా? ఈ వాయిద్యం ఇలాగే మోగుతుందా?”

కాగలేదు అని ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ మాట చెబితే తర్వాత ప్రశ్న నీకెలా తెలుసు అనే. జనార్దన్ గారు నా ముఖంలోకే చూస్తున్నారు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ పరిచయం. బళ్ళో, హాస్టల్లో, ఇంటిపేరు అడిగి ఆగే చూపు అది.

“నాకు తెలియదు,” అన్నాను ఇంగ్లీషులో. “వీటి గురించి నాకేమీ తెలియదు.”

ఇరవై మూడేళ్ళు సౌదీలో బతికినవాడికి ఆ మాత్రం ఇంగ్లీషు వస్తుంది. బాపు స్టేజీ మీంచి నన్ను చూశాడు. డప్పు కొట్టే కర్రలు రెండింటినీ, కుడిచేతిలోని సిర్రనూ ఎడమచేతిలోని పుల్లనూ, జేబులో పెట్టుకుని, డప్పు భుజానికి తగిలించుకుని దిగి వెళ్ళిపోయాడు. నేను ఫారంలో పదికి మూడు వేశాను.

ఆ సాయంత్రం బాపు పప్పు వండాడు. నాకు వడ్డించాడు. తను తినలేదు. తిట్టినా బాగుండేది.

“కోపమొచ్చిందా బాపు?”

“నీళ్ళ పక్కన వెట్టుడు వాళ్ళ తప్పు. పర్మిట్ నింపకపోవుడు మా తప్పు. పనికి వోతున్నమనుకుంటే ఒకరోజు ముందుగాలనే నింపుదుము. షోకు వోతున్నమని మురిసి మర్చిపోయినం. రోజు నింపే కాయితమే, సూడు.”

“నా తప్పు జెప్పవేంది?”

ఆయన నా వైపు చూశాడు. “నన్ను ఎరుకలేదను బిడ్డా, ఏం బాధలేదు. నేనే అనుమన్న. కని డప్పు ఎరుకలేదంటివి గద. గోరుతోని మీటిన దానివి. గది నోట్లకెళ్ళి ఎట్లచ్చింది?”

“నా నౌకరి బాపు! గా జనార్దన్ సారు సూపు నువ్వు సూల్లేదు.”

“సూసిన. గసొంటి సూపులు నేను జన్మంత సూసిన. సూసినంక గూడ కొట్టిన.”

గొంతు పెంచలేదు. లేచి మూలనున్న పక్క చుట్టాడు. రెండు జతల బట్టలు సంచిలో వేసుకున్నాడు.

“నేను క్యాంపుకు వోత. అలిగి కాదు. గీడ నేనుంటే నువ్వు ఇంట్ల గూడ భయపడుకుంట బతుకుతవ్.”

తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు. నేను ఏడవలేదు. నాకు ఒళ్ళంతా కోపం. ఆయన మీద, జనార్దన్ మీద, ఆ ఫౌంటెన్ మీద, ముఖ్యంగా నా మీద. ఐదు రోజులు ఖుబ్బూస్ రొట్టె, మామిడి తొక్కు తిని గడిపాను. రెండు కంచాలు ఉన్న ఇంట్లో ఒక్క కంచమే కడగటం ఎంత దరిద్రంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఆరో రోజు, బుధవారం పొద్దున్నే అయేషా చివరి జాబితా మీద సంతకం పెట్టడానికి కూర్చుంది. ఖాళీ శుక్రవారానికి ఎదురుగా జనార్దన్ గారి ట్రూపు పేరు. పక్కనే, కొట్టేసిన వరుసలో, నా చేతి అక్షరాలతో మూడు. అది చూసేసరికి నాలో ఏదో తెగింది.

“ఆ మార్కు తప్పు,” అన్నాను.

“ఏ మార్కు?”

“డప్పుది. మీరడిగినప్పుడు నాకు తెలియదని అబద్ధం చెప్పాను. ఆ తోలు మంటకు కాగాలి. కాగకుండానే కొట్టించాం. ముందున్న వెల్డర్ మా నాన్న. ఆ డప్పులు ఎప్పుడు కాగుతాయో ఈ హోటల్ మొత్తంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.”

అయేషా పెన్ను కింద పెట్టింది. ఆమెకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. “మీ నాన్నకు నువ్వే మార్కులు వేశావా?”

“వేశాను. మూడు వేశాను.”

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఇద్దరం నవ్వేవాళ్ళం.

“చుట్టాలుంటే ముందే చెప్పాలని నియమం ఉంది. నువ్వు దాచావు. ఇక ఈ సీజన్ అయ్యేదాకా నువ్వు ఎంపికలో ఉండవు. రేపటి నుంచి టికెట్ కౌంటర్‌కు వెళ్ళు.”

“వెళ్తాను,” అన్నాను. “కానీ వాళ్ళను కాగిన డప్పుతో ఒక్కసారి వినండి. నేను తప్పు చేశాను, వాళ్ళు చెయ్యలేదు.”

అయేషా మళ్ళీ పెన్ను తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు. తర్వాత, నాతో కాదన్నట్టుగా అంది. “మా తాత అర్దా ఆడేవాడు. కత్తులు పట్టుకుని ఆడే మా ఆట. అందులో డోళ్ళను కూడా ముందు నిప్పుల దగ్గర పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు నేను చూశాను. ఆ రోజు నాకెందుకు తట్టలేదో!” నా వైపు తిరిగింది. “రమ్మను. ఇంకో ఆడిషన్ ఇస్తాను.”

ఎగిరి గంతేసి సాయంత్రానికల్లా క్యాంపుకు వెళ్ళాను. ఆడవాళ్ళను లోపలికి రానివ్వరు, గేటు దగ్గరే నిలబడ్డాను. బాపు, అంజన్న కాక బయటికి వచ్చారు. జరిగిందంతా చెప్పాను. అంజన్న కాక చేతులు చరిచాడు. బాపు తల అడ్డంగా ఊపాడు.

“నేను రాను.”

“అదేంది బాపు!”

“ఒకపారి మమ్ములను కొలిచిన్రు. సాలు. మల్ల పరీక్షకు నిలవడ. ఎవలకు ఇనాలె అనిపిస్తే వాళ్ళే రావాలె. శుక్రారం జుమ్మా నమాజు అయినంక మాకు గంటసేపు రెస్టు ఉంటది. ఎనుక యార్డుల కొట్టుకుంటం. మాకోసమే కొట్టుకుంటం. అచ్చేటోళ్ళు రాని.”

“గంత పెద్ద మేడం యార్డులకు అస్తదా లింబన్నా? చెత్త డబ్బాలుంటయి గాడ!” అన్నాడు అంజన్న కాక.

“రాకుంటే రాకపాయె. డప్పు ఎటూ పోదు గద.” బాపు నా వైపు చూశాడు. “నువ్వు అస్తవా?”

“అస్త.”

“ఏ లెక్కన అస్తవ్? మేడం లెక్కనా?”

జవాబు అక్కడ చెబితే ఉత్త మాటే అవుతుంది, చేసి చూపాల్సింది యార్డులో.

మరునాడు గురువారం ఇష్తియాక్ టేబుల్ మీదికి ఒక ఫారం వచ్చిందట. పని వివరం: ఎనిమిది డప్పులు కాపుట. స్థలం: వెనక యార్డు. సమయం: ఒంటిగంట నుంచి రెండు. చేసేవారు: వెల్డర్ లింబాద్రి. ఇష్తియాక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “యే కౌన్సా వెల్డింగ్ హై, లింబాద్రి భాయ్?” అని అడిగాడట. “తోలు వెల్డింగ్,” అని హిందీలో చెప్పాడట మా బాపు. పొరపాటు వెతకడానికి పది నిమిషాలు చదివి, ఏమీ దొరక్క సంతకం పెట్టేశాడట.

శుక్రవారం ఒంటిగంట. ఎండ ఒంటికి హాయిగా ఉంది. వెనక యార్డులో, సగానికి కోసి కాళ్ళు వెల్డింగ్ చేసిన ఇనప డ్రమ్ములో బాపు ఎండు ఖర్జూరపు మట్టలు పేర్చాడు. గోడకు పసుపు పర్మిట్ కాగితం తగిలించాడు. పక్కన సిలిండర్ పట్టుకుని ఇష్తియాక్, తోడుపెళ్ళికొడుకులాగా నిటారుగా నిలబడ్డాడు. వంటవాళ్ళు, రూములు ఊడ్చేవాళ్ళు, ట్రాలీలు తోసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడవార చేరారు. నేను కౌంటర్‌లో భోజనం విరామం తీసుకుని, మెడలో ఐడీ కార్డుతో, కోటుతో వచ్చాను.

అయేషా వచ్చింది. బాపు మాట చెప్పి రమ్మంటే నిజంగానే వచ్చింది, చెత్త డబ్బాల మధ్యలోంచి, కాళ్ళదాకా ఉన్న అబాయా అంచులు ఎత్తి పట్టుకుని. వెనకే జనార్దన్ గారు, తన ట్రూపు సంగతి తేల్చుకోవడానికి వచ్చినట్టున్నారు.

“సృజనా, నువ్వన్నా చెప్పాలి కదా మేడంకి! చావు దగ్గర కొట్టేది హోటల్లో ఎలా పెడతారు? మనల్ని చూసి నవ్వరూ?”

మంట చుట్టూ ఉన్న ఎనిమిది మందీ వినీ విననట్టు ఉన్నారు. ఎన్నాళ్ళుగా అలా ఉండటం అలవాటైందో! నాకు మాత్రం అలవాటు లేదు, అలవాటు చేసుకోదలచుకోలేదు.

“చావుకూ కొడతారు సార్, పెళ్ళికీ కొడతారు, పండగకూ కొడతారు. మీ తాత పోయినప్పుడు కూడా ఎవరో కొట్టే ఉంటారు. ఆ కొట్టినవాళ్ళు మా ఇంటోళ్ళే అయ్యుంటారు. అప్పుడెవరూ నవ్వలేదు కదా?”

జనార్దన్ గారు జేబులోంచి ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. గోడవార నుంచి ఎవరో తెలుగువాడు “అట్లడుగు అక్కా!” అని అరిచాడు. నేను కోటు విప్పి డబ్బా మీద పడేశాను. మంట దగ్గరికి వెళ్ళి, చిన్నప్పటిలా మోకాళ్ళ మీద కూర్చున్నాను. బాపు చేతిలో డప్పు ఉంది. చెయ్యి చాపి గోరుతో తోలును మీటాను.

“ఇంక కావాలె బాపు.”

మంటకు అటువైపు నుంచి ఆయన నన్ను చూశాడు. పొగకో ఏమో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “అయింది తియ్ బిడ్డా.”

“కాలే. నడిమిట్ల ఇంక మెత్తగున్నది.”

ఇష్తియాక్ పర్మిట్ కాగితం వైపు, గడియారం వైపు చూస్తున్నాడు. అయేషా ముందుకు వంగింది. “ఏమంటోంది? ఎందుకు మొదలుపెట్టరు?”

బాపు ఆమె వైపు తిరిగాడు. హోటల్లో ఎవ్వరికీ తెలియకూడదన్న మనిషి, యార్డంతా వినబడేలా, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు.

“నాట్ రెడీ, మేడం. మై డాటర్. షీ నో.”

నా కళ్ళ ముందు మంట అలుక్కుపోయింది. ఇంకో మట్ట విరిచి డ్రమ్ములో వేశాను. ఇంకో రెండు నిమిషాలు డప్పులను తిప్పి తిప్పి కాపారు. మళ్ళీ మీటాను. ఈసారి తోలు ఖంగున పలికింది.

“అయింది,” అన్నాను. “ఎత్తున్రి.”

ఎత్తారు. మొదటి దరువుకే పైన గదుల కిటికీల తెరలు కదిలాయి. రెండో దరువుకు వంటవాళ్ళు గరిటెలతో తాళం వేస్తున్నారు. అంజన్న కాక ఆ సిమెంటు నేల మీద బూట్లతో గిరగిరా తిరిగాడు. ఇష్తియాక్ సిలిండర్ వదలకుండానే తల ఊపాడు. అయేషా పావుగంట కదలకుండా నిలబడింది, ఆపాక ఒక్క మాటే అడిగింది.

“పోస్టర్ మీద ఏమని వెయ్యాలి? వర్కర్స్ ట్రూప్ అనా?”

“నో వర్కర్స్,” అన్నాడు బాపు. “ఎయిట్ నేమ్స్. అండ్ ఫైర్ హియర్, బిఫోర్ షో. పర్మిట్ ఐ బ్రింగ్.”

డిసెంబరు చివరి ఆ శుక్రవారం సాయంత్రం షోను అయేషా వాళ్ళకే ఇచ్చింది. జనార్దన్ గారి ట్రూపుకు తర్వాత ఇంకేదో రోజు దొరికిందని విన్నాను, నేను టికెట్ కౌంటర్‌లో ఉన్నాను కాబట్టి వివరాలు తెలియవు. ఎంపిక కుర్చీ పోయినందుకు బాధ లేదని అనను. ఉంది. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను.

యార్డులో కొట్టిన రాత్రే బాపు పక్కబట్టలు చంకన పెట్టుకుని మలాజ్‌కు తిరిగి వచ్చేశాడు. ఏమీ జరగనట్టు పప్పు వండి రెండు కంచాలు పెట్టాడు.

ఆదివారం పొద్దున కౌంటర్ ముందు పాతికమంది క్యూలో ఉన్నారు. నా వెనక గోడ మీద కొత్త పోస్టర్, దాని మీద ఎనిమిది పేర్లు, మొదటి పేరు లింబాద్రి. లాబీకి ఆ చివర బాపు నిచ్చెన ఎక్కి చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. అలవాటు ప్రకారం నా వైపు చూసి “గుడ్ మార్నింగ్” అనడానికి చెయ్యెత్తాడు.

నేను కౌంటర్ వెనక నుంచి లేచి నిలబడ్డాను. లాబీ మొత్తం తలలు తిప్పేంత గట్టిగా అరిచాను.

“బాపూ! సద్ది తిన్నవా, లేదా?”

ఆయన గ్రీజు డబ్బాను నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. తర్వాత అంతకంటే గట్టిగా అరిచాడు.

“తిన్న బిడ్డా! నువ్వు తిన్నవా?”